ఊక మీద గుప్పెడు బియ్యం

"ఎక్కడ పడ్డాడమ్మా ఈయన?" అని బళ్ళారి ఆస్పత్రిలో నర్సు అడిగినప్పుడు పంపమ్మ స్ట్రెచర్ వైపు చూసింది.

స్ట్రెచర్ మీద మొగుడు కనకప్ప కళ్ళు తెరిచే ఉన్నాడు. నడుము కింద ఏమీ తెలియడం లేదని సిరుగుప్ప నుంచి దారి పొడుగునా చెప్తూనే వచ్చాడు. పంపమ్మ వెనక రైసు మిల్లు గుమాస్తా సీతారామారావు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. కారులో వస్తున్నప్పుడే ఆయన మెల్లగా, సొంత మనిషికి చెప్పినట్టు చెప్పిపెట్టాడు. మిల్లులో పడ్డాడంటే పోలీసులు రావాలి, వాళ్ళొచ్చేదాకా వైద్యం మొదలు కాదు, మిల్లుకు తాళం పడితే తక్కిన హమాలీల నోట్లో మన్ను పడుతుంది. "సావుకారి ఖర్చంతా చూసుకుంటాడమ్మా. నువ్వు ఇంట్లో పడినాడని ఒక్క మాట అను, చాలు."

కనకప్పతో కలిసి మూటలు మోసే పరశురామ్ కూడా కారులో ముందు సీట్లో కూచొనే వచ్చాడు. బస్తాల దొంతర మీదికి వేసిన చెక్క పలక జారడం, కనకప్ప వీపు మీద మూటతో సహా కింద పడడం అతను కళ్ళారా చూశాడు. నర్సు అడిగినప్పుడు అతను ఆస్పత్రి గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మిద్దె మీంచి పడినాడమ్మా. ఇంటికాడ" అంది పంపమ్మ.

వాళ్ళ ఇంటికి మిద్దె లేదు. ఊరి చివర కాలువ గట్టు కింద రేకుల ఇల్లు అది. కనకప్ప గడప దగ్గర నిలబడి చెయ్యెత్తితే రేకు తగిలేది. ఆ మాట నర్సుకు తెలియదు. తెలిసినవాళ్ళు ముగ్గురూ నోరు మెదపలేదు.

మిల్లు సావుకారి మొదటి రోజు మందులకు ఇచ్చాడు, ఆపరేషన్ ముందర ఇంకాస్త ఇచ్చాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. తర్వాత పంపమ్మ మిల్లు గేటు దగ్గరికి పోతే సీతారామారావు బయటికి వచ్చి, "అమ్మా, ఇంట్లో పడిన మనిషికి మిల్లు ఎంతని ఇస్తుంది? నువ్వే కదా ఆస్పత్రిలో చెప్పింది" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కూడా ఆయన గొంతు పెంచలేదు. పంపమ్మ కొంగు సరిచేసుకొని వెనక్కి తిరిగి వచ్చేసింది. ఇంటికొచ్చి మొగుడితో చెప్తే, అతను మంచం మీద నుంచి రేకు వైపు చూసి నవ్వాడు.

"యామ్మే, మన మిద్దె యాడుండాదో సూపీ. ఇంగోసారి ఎక్కి పడి వస్తా."

ఆ నవ్వును ఏం చేసుకోవాలో పంపమ్మకు తెలియలేదు.

ఆపరేషన్ ఖర్చుకు ఆడవాళ్ళ సంఘం పూచీ మీద ఫైనాన్సు కంపెనీలో అప్పు తెచ్చింది. నాట్లకు పోయే ఆడవాళ్ళే ఆ సంఘంలోనూ ఉన్నారు. సిరిగేరి వైపు మడుల్లో ఒకే వరసలో వంగి నారు నాటే మనుషులు ప్రతి మంగళవారం పొద్దున వాళ్ళలోనే ఒకతైన అంబిక ఇంటి అరుగు మీద ఒకే వరసలో కూచొని ఆ వారం కంతు, అంటే అప్పు వాయిదా, కడతారు. ఒకరి కంతు తక్కువైతే మిగిలినవాళ్ళు వేసి పూడ్చాలి, పూడేదాకా ఎవరూ లేవకూడదు. బయట కూలి ఆటో హారన్ కొడుతూ ఉంటుంది. ఆ పద్ధతి పెట్టినవాళ్ళకు తెలుసు, ఫైనాన్సు వాడి కంటే పక్కన కూచున్న తోటి కూలి చూపే ఎక్కువ పొడుస్తుందని.

పంపమ్మ కూలి మొత్తం కంతులకూ, మొగుడి మందులకూ పోయేది. రేషన్ బియ్యం నెల చివర ముఖం చాటేసేవి. కూతురు రక్షిత సిరుగుప్పలోనే పీయూసీ చదువుతోంది. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి గిన్నె మూత తీసి, మళ్ళీ చప్పుడు కాకుండా పెట్టేసిన రోజు పంపమ్మ గోడ మీది పటం ముందు కూచుంది. హులిగెమ్మ తల్లి పటం అది. మరుసటి శుక్రవారం తలస్నానం చేసి, నొసట అమ్మవారి భండారం పసుపు పూసుకొని, వేపాకు చుట్టిన బుట్ట చంకన పెట్టుకొని బయటికి నడిచింది.

ఆ వైపు జనానికి ఇది కొత్త కాదు. అమ్మవారికి మొక్కుకున్న ఏ ఇంటి ఆడదైనా మంగళవారమో శుక్రవారమో బుట్ట పట్టి జోగు ఎత్తవచ్చు. ఐదిళ్ళ ముందు నిలబడి "ఉధో ఉధో" అని అమ్మవారికి జై కొట్టాలి. పెట్టింది పుచ్చుకోవాలి, చాల్లేదని అడగకూడదు, వద్దని తోసెయ్యకూడదు. వచ్చిన గింజలు వండి, మొదటి గరిటె అమ్మవారి పేరున ఎవరికైనా పెట్టి, మిగిలింది ఇంట్లో తినాలి. అమ్మకూడదు. లక్షాధికారి భార్య ఎత్తినా అది మొక్కే, పూట గడవనిది ఎత్తినా అది మొక్కే. కడుపు మంటను దాచుకోవడానికి పంపమ్మకు దొరికిన ఒకే ఒక్క గౌరవమైన గుడ్డ అది.

"ఏం మొక్కుకున్న్యావక్కా?" అని అంబిక అడిగింది.

"అప్పు తీరేదాకా ఎత్తుతానని."

"ఈ లెక్కన మా అందరికీ బుట్టలే గతి" అని అంబిక నవ్వి, తన ఇంటి నుంచి మొదటి చేరెడు తెచ్చి పోసింది. పోసి బుట్టకు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంది.

కాలేజీలో రక్షితను ఎవరో "జోగమ్మ కూతురా" అని పిలిచారట. ఆ సాయంత్రం ఆ పిల్ల అన్నం ముందు కూచోలేదు.

"నాకొద్దు ఆ అన్నం. అడుక్కొచ్చిన బియ్యం."

"అడుక్కొచ్చినేది కాదు, ఎత్తుకొచ్చినేది" అన్నాడు కనకప్ప మంచం మీద నుంచి. "నేను ముప్పై ఏండ్లు ఎత్తినా, ఎవురూ నన్ను దేవుడనలా. మీయమ్మ చేరెడు ఎత్తినా కాళ్ళు మొక్కుతాండారు. తినుమ్మా, పుణ్యమొస్తాది."

రక్షిత నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నం చేసి ఓడిపోయింది. కానీ తండ్రి చూడకుండా కళ్ళు తుడుచుకుంది కూడా.

బియ్యం దాచే డబ్బా ఆలోచన కనకప్పదే. పామాయిలు ఖాళీ డబ్బా ఒకటి కడిగి తన మంచం పక్కన పెట్టించాడు. జోగు బియ్యం వచ్చిన ప్రతిసారీ అందులో ఒక గుప్పెడు పడాలి. అప్పు తీరిన రోజు డబ్బా అంతా బెల్లం వేసి పొంగించి, పెట్టిన ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి వడ్డించాలి. "పెట్టినోళ్ళకు మనమూ ఒగసారి పెట్టల్ల గదా. ఉత్త అప్పు కడతా కూచుంటే మనిషి అప్పులెక్కనే అయిపోతాడు" అన్నాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అప్పు సంగతి ఎవరూ అప్పుగా మాట్లాడుకోలేదు. డబ్బా ఎంతకొచ్చింది అనుకునేవాళ్ళు. అంబిక అరుగు మీద ఎన్ని చూపులు గుచ్చుకున్నా, మడిలో వంగి వంగి నడుము రెండుగా చీలినా, పంపమ్మ ఇంటికొచ్చి ఆ గుప్పెడు డబ్బాలో పోస్తే గింజలు జలజలమనేవి. ఆ చప్పుడుకు కనకప్ప అటు తిరిగేవాడు. తిరగగలిగింది నడుము పైభాగం ఒక్కటే. చెయ్యి కిందికి జార్చి బియ్యంలో మోచేతి దాకా ముంచి కలిపేవాడు. రోజంతా అతనికున్న పని అది. వేళ్ళతోనే చెప్పేవాడు. ఇది సోనా. ఇది రేషన్‌ది. ఇది పాతది, పురుగు పట్టేకి తయారుగుండాది, ఎండలో పెట్టు.

ఒక శుక్రవారం నాలుగు గింజలు అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశాడు.

"ఇది మన మిల్లు బియ్యమే. యాడిది?"

పంపమ్మ పొయ్యి వైపు తిరిగి చెప్పింది. "సీతారామారావు ఇంటి ముందర నిలబడినా. ఐదో ఇల్లు దొరకలా. ఆయప్పే తెచ్చి పోసె. మొరం నిండా పోసె. చెప్పులిడిచి వచ్చి పోసె."

హక్కుగా గేటు దగ్గర నిలబడి అడిగితే లేని గింజ, బుట్ట పట్టుకొని గడప ముందు నిలబడితే చేట నిండా వచ్చింది. ఆ పెద్దమనిషి కళ్ళు మూసుకొని దండం కూడా పెట్టాడు.

కనకప్ప ఆ గింజల్ని డబ్బాలో వేసేశాడు. "పోనీలే. నేను మోసిన బియ్యమే గదా" అన్నాడు.

అప్పు చివరికొస్తున్న ఏడు, గోరుచుట్టు మీద రోకటి పోటులా, రెండో పంటకు కాలువకు నీళ్ళు వదలలేదు. సిరిగేరి మడులన్నీ నెర్రెలు విచ్చి పడుకున్నాయి. నాట్లు లేవు, కూలి లేదు. ఫైనాన్సు మంగళవారాలు మాత్రం ఆగలేదు. కొందరు కూలి వెతుక్కుంటూ కంప్లి వైపు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఒక మంగళవారం పొద్దున అంబిక అరుగు మీద పంపమ్మ ఒక్కతిదే కంతు రాలేదు. వరసలో ఎవరి కొంగు ముడిలోనూ ఇంకొకరికి వేసేంత లేదు.

"అక్కా, మా ఇంట్లోనే గతి లేదు" అంది అంబిక. "నువ్వు తెచ్చేదాకా వీండ్లను లెయ్యనియ్యరు. ఈ బిడ్డ తల్లి ఉండాదే, పాలియ్యల్ల. నేనేం చేస్తు చెప్పు?"

పంపమ్మ ఇంటికి వచ్చింది. కనకప్ప నిద్రలో ఉన్నాడు. డబ్బా మూడొంతులు దాటింది. ఎలకలు పడుతున్నాయని ముందు రోజు తనే అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట పట్టుకొని డబ్బాను వంటింట్లోకి లాగింది, అక్కణ్ణుంచి పెరటి తలుపు గుండా బజారుకు. అన్ని రకాలు కలిసిన బియ్యమని కొట్టువాడు ధర తగ్గించాడు. ఆమె బేరం ఆడలేదు. అమ్మవారి సొత్తుకు బేరం ఎట్లా ఆడుతుంది?

కంతు కట్టింది. ఆడవాళ్ళు లేచి ఇళ్ళకు పోయారు. ఎవరూ ఏమీ అడగలేదు.

వచ్చేటప్పుడు మిల్లు వెనక ఊక గుట్ట దగ్గర ఆగింది. డబ్బాలో మునుపటి మట్టం దాకా ఊక నింపి, కొంగులో మిగుల్చుకున్న నాలుగు గుప్పెళ్ళ బియ్యం పైన సర్దింది. కనకప్ప లేచేసరికి డబ్బా మంచం పక్కన ఎప్పటి చోటే ఉంది.

"ఎలకలేం తిన్యాయా?" అన్నాడు అతను.

"లేదులే. బాగుండాది. నిండొచ్చింది."

"ఏదీ, ఇట్లియ్యి."

చెయ్యి చాచి డబ్బా కమ్మీ పట్టి ఒక్క చేత్తో కొంచెం పైకెత్తాడు. మూట వీపు మీద పడగానే ఇన్ని కిలోలు తక్కువుందని చెప్పి కాటా వాడితో పందెం కాసే మనిషి అతను. కనకప్ప డబ్బాను మెల్లగా దించాడు. రేకు వైపు చూశాడు.

"బాగ బరువైందిమ్మే" అన్నాడు. "ఇంగ కొన్నాళ్ళే."

ఆ తర్వాత అతను ఎప్పుడూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టలేదు. శుక్రవారాలు ఆమె పైన గుప్పెడు పోస్తే గింజలు జలజలమనలేదు. ఊక మీద పడ్డ బియ్యానికి చప్పుడుండదు. అతను అటు తిరగడం కూడా మానేశాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోలేదు. ఆస్పత్రిలో ఆమె ఆడిన అబద్ధాన్ని అతను మోశాడు, ఇప్పుడు దీన్ని కూడా ఎత్తుకున్నాడు.

వీపు మీద ఎన్నాళ్ళగానో ఉన్న పడక పుండు ఆ నెలలోనే చెడింది. జ్వరం పట్టుకుంది. నీళ్ళ పరుపు కావాలని, రోజూ కట్టు కట్టించాలని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఆ పరుపు డబ్బులన్నీ మంగళవారాల్లోకి పోయాయి. బళ్ళారికి తీసుకుపోయిన రెండో రోజు కనకప్ప చనిపోయాడు. విషం రక్తంలోకి ఎక్కిందని చెప్పారు.

పంపమ్మ ఆ మాట నమ్మలేదు. శవం ఇంటికొచ్చాక, ఏడుపు కాస్త తగ్గాక, అంబిక చెయ్యి పట్టుకొని గుసగుసగా చెప్పింది.

"అంబికా, నేనే సంపినా. అమ్మ సొత్తు అమ్ముకున్నా. అందుకే తీసకపాయె."

"ఏంది మాటలక్కా అవి."

"డబ్బాలో ఉండేది ఊక. సూడు పో."

అంబిక పోయి చూసింది. తిరిగొచ్చి గోడకు ఆనుకొని కూచుంది. ఆ మంగళవారం ఆ బియ్యం అమ్మిన డబ్బుతో అరుగు మీద నుంచి లేవగలిగినవాళ్ళలో తానూ ఒకతె. తనూ ఏడ్చింది గానీ, అమ్మవారి పని కాదు అని గట్టిగా చెప్పలేకపోయింది. ఆమెకూ లోపల ఎక్కడో భయమేసింది.

వాకిట్లో కూచున్న పరశురామ్ అప్పుడు లేచి వచ్చాడు.

"వదినా, ఆ పొద్దే పలక సరింగా లేదని గుమాస్తాతో చెప్పినాం. కనకన్న, నేను, ఇద్దరమూ చెప్పినాం. మజ్జాన్నం మారుస్తామనిరి. మజ్జాన్నం లోపల పడిపాయె."

రక్షిత తండ్రి కాళ్ళ దగ్గర కూచొని ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఈ మాట ఆ పొద్దు ఆస్పత్రిలో చెప్పొచ్చు గదా మామా?"

"నాకూ పిల్లోళ్ళు ఉండారమ్మా" అన్నాడు పరశురామ్. అతనే పోయి పాడె కట్టడానికి కూచున్నాడు.

చావు వచ్చిందని ఫైనాన్సు వాళ్ళు ఒక్క మంగళవారం ఓపిక పట్టారు. మళ్ళీ వరస మామూలే. కాలువకు నీళ్ళొచ్చాక పంపమ్మ నాట్లకు పోయి, మిగిలిన కంతులన్నీ కట్టింది. ఆఖరిది కట్టిన రోజు వసూలుకు వచ్చినతను అందరి చేతా చప్పట్లు కొట్టించాడు, ఇంకో పెద్ద అప్పు ఇస్తామని కూడా చెప్పాడు. పంపమ్మ ఇంటికొచ్చి "తీరె" అంది. మంచం ఖాళీగా ఉంది. రక్షిత అప్పటికే ఆ మంచం ఎత్తి గోడకు ఆనించబోయి, మళ్ళీ ఎందుకో వాల్చేసింది.

అప్పు తీరింది గనక బుట్ట దించొచ్చు. పంపమ్మ దించలేదు. డబ్బాలో ఊక పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టింది. తప్పు తీర్చుకోవాలి, డబ్బా నిండాలి, పొంగలి వండి అందరికీ పెట్టాలి, అప్పుడు గానీ కనకప్ప శాంతించడని ఆమె నమ్మకం. రక్షిత ఎంత చెప్పినా వినదు. "నువ్వు సదువుకున్న్యావులే" అంటుంది.

ఒక శుక్రవారం మళ్ళీ సీతారామారావు ఇంటి ముందు ఆగింది. ఆయన చెప్పులు విడిచి చేటతో వచ్చాడు. గింజలు బుట్టలో పడుతుండగా పంపమ్మ తల ఎత్తింది.

"అయ్యా, ఆయప్ప మిల్లులోనే పడె."

సీతారామారావు చెయ్యి ఆగింది. వీధి అటూ ఇటూ చూశాడు. "పోయిన మనిషి పోయినాడు. ఇప్పుడెందుకమ్మా ఆ మాట" అని లోపలికి పోయి ఇంకో చేట నిండా తెచ్చి పోశాడు.

పెట్టింది తోసెయ్యకూడదని కట్టుబాటు. పంపమ్మ బరువెక్కిన బుట్టను చంక మార్చుకొని కాలువ గట్టు దారి పట్టింది. తన అప్పు అసలు తనది కాదని, అది ఒక జారిన పలక అప్పు అని ఆమెకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళందరికీ పిల్లలున్నారు.

చదివిన మీకూ పిల్లలుంటారు. అయినా అడగక తప్పదు. మీ వీధిలోనో, మీ మిల్లులోనో, మీరు కట్టించే ఇంట్లోనో మూట మోస్తూ ఒక మనిషి పడితే, ఆస్పత్రిలో అతని భార్య పక్కన వెళ్ళి నిలబడండి. గుమాస్తాకూ ఆమెకూ నడుమ నిలబడండి. ఎక్కడ పడ్డాడో అక్కడే పడ్డాడని రాయించండి. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం పోలీసుల కోసం ఆగదని, ఆగకూడదని ఆమెకు చెప్పండి. చూసిన తోటి కూలి భయపడితే అతణ్ణి తిట్టకండి, కార్మిక శాఖ ఆఫీసు దాకా మీరూ పదిమందై వెంట నడవండి. ఇక శుక్రవారం పూట నొసట భండారం పూసుకున్న ఆడమనిషి మీ గడప ముందు నిలబడితే, గుప్పెడు పొయ్యండి, దండమూ పెట్టుకోండి. ఆమె వెనక్కి తిరిగేలోగా ఒక్క మాట అడగండి, నీకు రావాల్సింది ఎవరి దగ్గర ఆగిపోయిందమ్మా అని. ఆమె చెప్తే, పొయ్యి మీద ఏమున్నా సరే, దించి వచ్చి వినండి.